పాత బండికి కొత్త మీటరు: వైరు తప్పితే నిప్పే!

పాత బుల్లెట్లు, యెజ్డీలు పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా బళ్లు, 1996లో మూతపడేదాకా మైసూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బళ్లు తండ్రుల నుంచి కొడుకుల చేతికి వచ్చాయి. ఇంజనుకు ఢోకా లేదు. చిక్కల్లా కరెంటుతోనే. పొద్దుగూకాక పొలం నుంచి వస్తుంటే దారి మధ్యలో లైటు గుడ్డిదీపమవుతుంది. హారన్ మూగబోతుంది. బ్యాటరీ దిగిపోతున్న సంగతి ముందే తెలిస్తే ఈ తిప్పలు ఉండవు. బజారులో దొరికే మీటరు ఒకటి బిగిద్దామన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది.

ఆలోచన మంచిదే. కానీ ఆ మీటరు వైరు పెట్రోలు ట్యాంకు కిందుగా పోతుంది. ఆపద చెప్పాల్సిన మీటరే ఆపద తేకూడదు.

ఏ మీటరు మేలు?

పాత బుల్లెట్ డూము మీద ఒక చిన్న మీటరు కంపెనీవాళ్లే పెట్టారు. అది ఆంప్ మీటరు. ముల్లు ప్లస్ వైపు ఉంటే బ్యాటరీలోకి కరెంటు వెళుతున్నట్టు, మైనస్ వైపు ఉంటే బ్యాటరీ నుంచి ఖర్చవుతున్నట్టు. లైట్లకు పోయే కరెంటు ఈ మీటరు గుండానే పోతుంది. దాని వెనుక నట్టు వదులైతే వేడెక్కుతుంది, వైరు మాడుతుంది, ఒక్కోసారి బండి మొత్తం చీకటవుతుంది.

వోల్ట్ మీటరు అలా కాదు. అది దారిలో నిలబడదు, పక్కన నిలబడి చూస్తుంది. దానికి సన్న వైరు చాలు. అది పాడైనా బండి ఆగదు. కొత్తగా బిగించుకునేవారికి ఇదే మేలు.

ఈ రెండింటికీ తేడా తెలియక ఆంప్ మీటరును వోల్ట్ మీటరు మాదిరి బ్యాటరీ ప్లస్‌కూ మైనస్‌కూ కలిపితే కొంప మునుగుతుంది. దానిలో కరెంటుకు అడ్డు దాదాపు ఉండదు. క్షణాల్లో వైరు ఎర్రగా కాలిపోతుంది.

కొనే ముందు

బండి 6 వోల్టులదా, 12 వోల్టులదా అన్నది మొదట చూడాలి. నీళ్లు పోసే బ్యాటరీకి మూడు మూతలుంటే 6 వోల్టులు, ఆరుంటే 12 వోల్టులు. 12 వోల్టుల మీటరు 6 వోల్టుల బండికి పనికిరాదు. బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసి ఉందో కూడా చూసుకోవాలి. సాధారణంగా మైనస్ ఉంటుంది. బాగా పాత బళ్లు కొన్నింటికి ప్లస్ ఉంటుంది. అది చూడకుండా కలిపితే మీటరు చెడుతుంది.

ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే ఆర్.పి.ఎం. మీటరు విషయంలో మరో మెలిక ఉంది. బుల్లెట్ ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక నిప్పురవ్వ పుడుతుంది. టూ స్ట్రోక్ యెజ్డీ 250లో ప్రతి చుట్టుకూ ఒకటి పుడుతుంది. యెజ్డీ లెక్కకు తయారైన మీటరును బుల్లెట్‌కు పెడితే ఉన్న వేగంలో సగమే చూపుతుంది.

బిగించే పద్ధతి

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీకి ఉన్న బాడీ వైరు ఊడదీయాలి. మీటరుకు కరెంటు తాళం చెవి దాటిన తర్వాతి వైరు నుంచి తీసుకోవాలి. నేరుగా బ్యాటరీ నుంచి తీస్తే బండి పాకలో నిలబడి ఉన్నా మీటరు కరెంటు తాగుతూనే ఉంటుంది. కరెంటు తీసుకున్న చోటికి దగ్గరలోనే ఫ్యూజు పెట్టాలి. ఒక్క వోల్ట్ మీటరుకు 2 ఆంపుల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు మీటరు పక్కన పెడితే లాభం తక్కువ. మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని కాపాడేవారుండరు.

మీటరు రెండో వైరును రంగు వేసిన రేకుకు చుట్టి వదిలేయరాదు. హ్యాండిల్‌కు తగిలించినా అంతే. హ్యాండిల్‌కూ బాడీకీ మధ్య గ్రీజు పూసిన బేరింగులుంటాయి, కరెంటు సరిగా పోదు. బ్యాటరీ బాడీ కొస దాకా విడిగా వైరు వేయడమే పద్ధతి.

హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూడాలి. వైరు బిగుసుకోకూడదు, నలగకూడదు. రేకు రంధ్రంలోంచి పోయేచోట రబ్బరు రింగు ఉండాలి. సిలెండరుకు, సైలెన్సరుకు తగలకూడదు. వైర్లు మెలిపెట్టి టేపు చుడితే వానాకాలం దాకానే. టంకం పెట్టి పైన గొట్టం తొడిగితే ఏళ్ల తరబడి ఉంటుంది.

ముల్లు ఏం చెబుతుంది?

12 వోల్టుల బండి ఆగి ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఓ మోస్తరు వేగంలో 13.5 నుంచి 14.5 దాకా చూపాలి. ఎంత రేజ్ చేసినా 13 దాటకపోతే చార్జింగ్‌లో లోపముంది. 15 దాటితే మరీ ప్రమాదం. బ్యాటరీలో నీళ్లు ఉడికి ఇంకిపోతాయి. రెగ్యులేటర్ చూపించుకోవాలి. 6 వోల్టుల బండికి ఈ అంకెల్లో సగం లెక్కేసుకోవాలి. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లైటు వేస్తే ముల్లు కాస్త దిగడం పాత బళ్ల తత్వమే, బెంగ పడనక్కరలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో బిగించినా, ఊరి సెంటర్లో చెట్టు కింద బిగించినా పద్ధతి ఒక్కటే. బండి చేతికి తీసుకునే ముందు మెకానిక్కును ఒక్క మాట అడగాలి: "ఫ్యూజు ఎక్కడ పెట్టావు?" వేలుపెట్టి చూపిస్తేనే తాళం తిప్పాలి.