వేడిలోనూ చెదరని రంగు

పాతకాలపు రంగుల టీవీ తెర మీద ఒక దృశ్యం నడుస్తోంది. ఒక పక్కన ఎండ పడుతున్న తెల్లని గోడ, మిగతాదంతా నీడ. కెమెరా కదలడం లేదు. ఒకటి రెండు నిమిషాలు గడిచేసరికి ఆ తెల్లగోడ మీద ఎక్కడి నుంచో ఒక గులాబీ ఛాయ తేలుతుంది. యాంటెన్నా బాగానే ఉంది, సర్క్యూట్‌లో ఏ భాగమూ చెడలేదు. తెర వెనుక ఉన్న పల్చని లోహపు రేకు ఆ ఒక్కచోట వేడెక్కి వెంట్రుకవాసి జరిగింది, అంతే. ఆ వెంట్రుకవాసి జరుగుబాటును ఆపడానికి అమెరికా, జపాన్, యూరప్ ఇంజనీర్లు అర్ధశతాబ్దం శ్రమించారు. మన ఇళ్లలో మూలన బల్ల మీద కూర్చుని ఏళ్ల తరబడి పనిచేసిన ఆ బరువైన గాజు పెట్టె వాళ్ల ఓర్పుకు ఫలం.

ఆ రేకు పేరు షాడో మాస్క్. పిక్చర్ ట్యూబు మెడలో మూడు ఎలక్ట్రాన్ గన్‌లుంటాయి. తెర లోపలి వైపున ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతినిచ్చే ఫాస్ఫర్ చుక్కలో గీతలో లక్షల్లో పూసి ఉంటాయి. ఎలక్ట్రాన్‌కు రంగు లేదు. ఏ గన్ నుంచి వచ్చిన పుంజం ఆ రంగు ఫాస్ఫర్‌నే తాకాలి, పక్కదాన్ని తాకకూడదు. ఆ కాపలా పని షాడో మాస్క్‌ది. తెరకు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ దూరంలో, దాదాపు 0.15 మిల్లీమీటర్ల మందంతో, లక్షల రంధ్రాలతో అది నిలబడి ఉంటుంది. మూడు పుంజాలు మూడు కోణాల్లో ఒకే రంధ్రంలోంచి దూరి మూడు వేర్వేరు ఫాస్ఫర్‌ల మీద పడతాయి. రంధ్రం ఉన్నచోటే ఉంటే రంగు నిలుస్తుంది. రంధ్రం కదిలితే ఎర్రగన్ ఎలక్ట్రాన్లు ఆకుపచ్చ మీద పడి రంగు చెడుతుంది.

ఈ కాపలా చాలా వేడి పుట్టిస్తుంది. గన్‌ల నుంచి వచ్చే ఎలక్ట్రాన్లలో ఐదో వంతు మాత్రమే రంధ్రాల్లోంచి దాటుతుంది. మిగతా నాలుగు వంతులూ రేకుకే కొట్టుకుంటాయి. 25 వేల వోల్టుల దగ్గర ఒక మిల్లీఆంపియర్ కరెంటు ప్రవహిస్తే 25 వాట్ల శక్తి అవుతుంది. అందులో 20 వాట్లు ఆ పల్చని రేకు మీద వేడిగా మారతాయి. ట్యూబు లోపల శూన్యం కాబట్టి చల్లార్చడానికి గాలి లేదు. వేడి చాలావరకు వికిరణంగానే బయటపడాలి. అందుకే మాస్క్‌ను ఆక్సైడ్ పొర పట్టేలా కాల్చి నల్లబరిచేవారు. నల్లని ఉపరితలం మెరిసే లోహం కన్నా తేలికగా వేడిని వదులుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మీటరు పొడవున్న ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 51 సెంటీమీటర్ల టీవీలో మాస్క్ మధ్య నుంచి పక్క అంచుకు దూరం 20 సెంటీమీటర్లు. 50 డిగ్రీలు వేడెక్కితే ఆ పొడవు 0.12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తెర మీద ఒక్కో రంగు గీత వెడల్పు పావు మిల్లీమీటరు. అంటే గీతలో దాదాపు సగం. రంగుల టీవీ జీవితకథంతా ఈ సగం గీత చుట్టూ తిరిగింది.

అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ 1950లో షాడో మాస్క్ ట్యూబును తొలిసారి ప్రదర్శించింది. దాన్ని తయారు చేయగలిగే స్థితికి తెచ్చినవారిలో ప్రిన్స్‌టన్ ప్రయోగశాలలోని హెరాల్డ్ లా ముఖ్యుడు. ఫాస్ఫర్ చుక్కల్ని ఎక్కడ పూయాలో తేల్చడానికి ఆయన మాస్క్‌నే వాడుకున్నాడు. మాస్క్‌ను తెర ముందు బిగించి, ఎలక్ట్రాన్ పుంజం వచ్చే చోటి నుంచి కాంతిని పంపితే, రంధ్రాల్లోంచి వెలుగు పడినచోట ఫోటో పద్ధతిలో చుక్కలు అచ్చవుతాయి. దానివల్ల ప్రతి మాస్క్‌కూ దాని తెర ఒక్కటే జోడీ అయింది. ఒకదాని మాస్క్ మరోదానికి పనికిరాదు. జతకట్టిన ఆ రెంటి మధ్య దూరం ట్యూబు బతికినంతకాలం మారకూడదు.

1954లో అమ్మకానికి వచ్చిన ఆర్‌సీఏ సీటీ-100 సెట్ ధర వెయ్యి డాలర్లు. అందులోని 15 అంగుళాల ట్యూబులో మాస్క్ చదునుగా ఉండేది. రంధ్రాలు 1,95,000, ఫాస్ఫర్ చుక్కలు 5,85,000. చదునైన రేకు వేడెక్కితే ఏ వైపుకు వంగుతుందో చెప్పలేం. కాబట్టి దాన్ని వేడిగా ఉన్నప్పుడే చట్రానికి బిగించి, చల్లారాక బిర్రుగా సాగి ఉండేలా చేశారు. అదే సమయంలో సీబీఎస్ సంస్థలో నార్మన్ ఫైలర్ బృందం మరో దారి తొక్కింది. ఫాస్ఫర్‌ను గాజు తెర లోపలే నేరుగా పూసి, మాస్క్‌ను కూడా తెర వంపుకు తగ్గట్టు గుండ్రంగా మలిచింది. వంపు తిరిగిన రేకు వేడెక్కినా ఎటు ఉబ్బుతుందో ముందే తెలుసు. అది తెర వైపుకే ఉబ్బుతుంది. ఆ తెలియడమే గొప్ప లాభం, ఎందుకంటే దిక్కు తెలిసిన దోషాన్ని సరిదిద్దవచ్చు. పోటీదారు ఆర్‌సీఏ కూడా వంపు మాస్క్‌కే మారింది.

ఈలోగా గాజు మరో చిక్కు తెచ్చింది. బొగ్గు తీగ బల్బుల రోజుల్లోనే ఇంజనీర్లకు తెలిసిన విషయం ఇది: గాజులోంచి లోహపు తీగ బయటికి రావాలంటే రెండూ వేడికి ఒకేలా పెరగాలి. లేకపోతే చల్లారేటప్పుడు గాజు చిట్లుతుంది, శూన్యం పోతుంది. అప్పట్లో దానికి ప్లాటినమ్ వాడేవారు. తర్వాత దాని స్థానంలో చౌకైన నికెల్, క్రోమియం కలిసిన ఇనుప మిశ్రమాలు వచ్చాయి. పిక్చర్ ట్యూబు అడుగున ఉన్న పిన్నులు, హై వోల్టేజీ తీసుకునే బొత్తాము, మాస్క్‌ను మోయడానికి గాజు అంచులో పాతిన మేకులు, అన్నీ గాజుతో సమంగా పెరిగే మిశ్రమాలే.

అసలు గండం ముందు తెరనూ వెనుక గరాటునూ కలపడంలో ఉంది. మాస్క్ లోపలికి వెళ్లాలంటే ట్యూబు రెండు ముక్కలుగా ఉండాలి. మాస్క్ బిగించాక ఆ ముక్కల్ని మంటతో కరిగించి అతికితే ఫాస్ఫర్, మాస్క్ రెండూ పాడవుతాయి. దీనికి మందు ఫ్రిట్ అనే గాజుపొడి. సీసం, జింక్, బోరాన్ ఆక్సైడ్‌లతో చేసిన ఈ పొడిని ముద్దగా కలిపి అంచున పూసి, దాదాపు 440 డిగ్రీల కొలిమిలో గంట సేపు ఉంచేవారు. తెర గాజు మెత్తబడేలోపే ఫ్రిట్ కరిగి అంచుల్ని తడుపుతుంది. తర్వాత అదే వేడిలో స్ఫటికాలుగా గట్టిపడుతుంది. స్ఫటికాలుగా మారినాక దాని వ్యాకోచం గాజుకు దగ్గరగా వస్తుంది. అంతేకాదు, ఆ తర్వాత గాలి తోడేటప్పుడు ట్యూబును మళ్లీ వేడిచేసినా అది మెత్తబడదు. ముందు తెర గాజులో స్ట్రాన్షియం, బేరియం ఉంటాయి. ఎక్స్‌రేలను ఆపాల్సిన గరాటు గాజులో సీసం ఉంటుంది. కూర్పులు వేరైనా వాటి వ్యాకోచాలు మీటరుకు డిగ్రీకి సుమారు 10 మైక్రాన్ల దగ్గర కలిసేలా గాజు కర్మాగారాలు కూర్చేవి.

కొలిమిలో ఉక్కు మాత్రం గాజు కన్నా ఎక్కువ పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పున ఉక్కు 2 మిల్లీమీటర్లు పెరిగితే గాజు 1.7 దగ్గర ఆగుతుంది. ఆ తేడాను మాస్క్ చట్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగులు మింగుతాయి. కొలిమి నుంచి వచ్చాక ప్రతి స్ప్రింగూ తన మేకు మీద మునుపున్న చోటికే మైక్రాన్ల తేడాలో వచ్చి కూర్చోవాలి.

టీవీ ఇంట్లోకి వచ్చాక వేడి రెండు విడతల్లో పనిచేసింది. పల్చని రేకు కొన్ని నిమిషాల్లోనే వేడెక్కి తెర వైపు ఉబ్బుతుంది. మందమైన చట్రం తీరిగ్గా, అరగంట దాటాక వేడెక్కి చుట్టూ విస్తరిస్తుంది. దాంతో రంధ్రాలు బయటి వైపుకు జరుగుతాయి. ఈ రెండో దోషానికి 1960ల్లో వచ్చిన పరిష్కారం చాలా అందమైనది. చట్రాన్ని మోసే స్ప్రింగుల దగ్గర ద్విలోహ పట్టీలు పెట్టారు. వేరువేరుగా పెరిగే రెండు లోహాలను అతికిన పట్టీ వేడికి వంగుతుంది. ఆ వంపు మొత్తం చట్రాన్ని తెరకు కొద్దిగా దగ్గర చేస్తుంది. రంధ్రం తెరకు దగ్గరైతే పుంజం పడే చోటు మధ్య వైపుకు జరుగుతుంది. చట్రం పెరిగి బయటికి తోసినంత దూరాన్ని, ముందుకు జరగడం లోపలికి లాగుతుంది. వేడికి లోహం పెరగడమే ఈ సమస్యకు మూలం. దాన్నే మందుగా వాడిన తెలివి ఇది.

మొదటి దోషం, అంటే రేకు ఉబ్బడం, మాత్రం తెలివికి అంత తేలికగా లొంగలేదు. తెర మధ్యలో పుంజం నిలువుగా తాకుతుంది కాబట్టి రేకు ముందుకు జరిగినా నష్టం లేదు. అంచుల్ని చట్రం పట్టుకుని ఉంటుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న ప్రాంతంలో పుంజం ఏటవాలుగా వస్తుంది, రేకు స్వేచ్ఛగా ఉబ్బుతుంది. ఎండ పడిన తెల్లగోడ మీద గులాబీ మచ్చ తేలేది అక్కడే. పైగా ఆ వేడి అంతా ఒక్కచోటే ఉంటే ద్విలోహ పట్టీలు ఏమీ చేయలేవు, చట్రానికి ఆ సంగతే తెలియదు కదా. 1980ల్లో జనం చదునైన తెరలు కోరారు. అక్కడ జ్యామితి ఎదురు తిరిగింది. వంపు ఎంత తక్కువైతే, పొడవులో అదే పెరుగుదలకు ఉబ్బు అంత ఎక్కువ.

దీనికి జవాబు అంతకు సుమారు 90 ఏళ్ల ముందే పుట్టి ఉంది. పారిస్ దగ్గర సెవ్ర్‌లోని అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయంలో షార్ల్ ఎద్వార్ గియోమ్ అనే స్విస్ శాస్త్రవేత్త కొలబద్దలకు చౌకైన లోహం వెతుకుతూ, 1896లో ఒక ఇనుము నికెల్ మిశ్రమాన్ని గుర్తించాడు. నికెల్ 36 శాతం ఉన్న ఆ మిశ్రమమే ఇన్వార్. ఉక్కు పెరిగే దానిలో ఇది పదో వంతే పెరుగుతుంది. వేడెక్కేకొద్దీ అందులోని అయస్కాంతత్వం బలహీనపడుతుంది. ఆ బలహీనత లోహాన్ని కుదించబోతుంది. పరమాణువుల కదలిక పెంచబోతుంది. రెండూ చాలావరకు రద్దవుతాయి. గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. టీవీ అప్పటికి ఇంకా పుట్టలేదు.

1980ల మధ్యలో జపాన్ కంపెనీలు ఇన్వార్ మాస్క్‌లు వాడసాగాయి. మన లెక్కలోని 0.12 మిల్లీమీటర్లు 0.012కు దిగింది. ఇన్వార్ తేలికగా లొంగలేదు. మామూలు ఉక్కు కన్నా గట్టిది కాబట్టి వంపు తిప్పడానికి హైడ్రోజన్‌లో కాల్చి మెత్తబరిచి, వేడి మీదే అచ్చులో నొక్కాల్సి వచ్చింది. నికెల్ ధర వేరు. పైగా దాని మహిమ 200 డిగ్రీలు దాటాక తగ్గిపోతుంది. 440 డిగ్రీల ఫ్రిట్ కొలిమిలో ఇన్వార్ మాస్క్‌కూ ఉక్కు చట్రానికీ పొసగదు. అందుకే వెల్డింగ్ ఎక్కడ వేయాలో, ఎక్కడ వదలాలో జాగ్రత్తగా తేల్చారు. కొన్ని ట్యూబుల్లో మాస్క్ వెనుక బిస్మత్ ఆక్సైడ్ పూశారు. బరువైన బిస్మత్ పరమాణువులు ఎలక్ట్రాన్లను వెనక్కి చెదరగొట్టి, రేకుకు చేరే వేడిని తగ్గిస్తాయి.

ఇంతలో మరో దారి సమాంతరంగా నడిచింది. సోనీ 1968లో తెచ్చిన ట్రినిట్రాన్‌లో రంధ్రాల రేకు లేదు. నిలువు లోహపు పట్టీల వరుస ఉంది. బలమైన చట్రాన్ని లోపలికి నొక్కి పట్టుకుని పట్టీలను వెల్డ్ చేసి వదిలేవారు. చట్రం విచ్చుకోబోతూ పట్టీలను బిర్రుగా లాగి ఉంచుతుంది. వేడెక్కితే పట్టీలోని బిగువు కొంచెం తగ్గుతుంది, స్థానం మాత్రం మారదు. పట్టీలు వణకకుండా అడ్డంగా కట్టిన సన్నని తీగ నీడ తెల్లని తెర మీద కనిపించేది. 1986లో అమెరికా కంపెనీ జెనిత్ ఇదే సూత్రాన్ని రంధ్రాల రేకుకు వర్తింపజేసి, 25 మైక్రాన్ల మందపు రేకును అన్ని వైపులా లాగి బిగించి పూర్తిగా చదునైన తెర చేసింది. 1954లో చదును మాస్క్‌ను బిర్రుగా లాగిన ఆలోచనే మెరుగైన లోహంతో, మెరుగైన లెక్కతో మళ్లీ వచ్చింది.

వ్యాకోచం ఈ ట్యూబుకు శత్రువుగానే మిగల్లేదు. 51 సెంటీమీటర్ల తెర మీద గాలి టన్నుకు పైగా బరువుతో నొక్కుతుంది. గాజు పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి. అందుకే తెర అంచు చుట్టూ ఒక ఉక్కు పట్టీని వేడిగా తొడిగేవారు. పల్లెల్లో కమ్మరి ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తే, అది కుదించుకుని చక్రాన్ని బిగించినట్టే, ఈ పట్టీ చల్లారుతూ గాజును నొక్కిపట్టి చిట్లకుండా కాపాడుతుంది.

మన దేశంలో 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారం మొదలైంది. హైదరాబాద్ ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ అయినా, మరే సెట్ అయినా, రంగు నిలవాలంటే వేడెక్కిన మాస్క్ చోటు తప్పకూడదు. 2000ల చివరికి ఎల్‌సీడీ తెరలు పిక్చర్ ట్యూబును ఇంటి నుంచి పంపేశాయి. సోనీ 2008లో ట్రినిట్రాన్ తయారీ ఆపేసింది.

ఆ విద్య మాత్రం పనిలోనే ఉంది. స్మార్ట్‌ఫోన్ ఓఎల్‌ఈడీ తెరను తయారుచేసేటప్పుడు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతినిచ్చే పదార్థాలను శూన్యంలో ఆవిరిచేసి సన్నని రంధ్రాల రేకు గుండా గాజు మీద పడేలా చేస్తారు. ఆ రేకు మందం 20, 30 మైక్రాన్లు. అది ఇన్వార్‌తోనే చేసింది, చట్రానికి బిర్రుగా లాగి వెల్డ్ చేసింది. దాన్ని తయారుచేసే ప్రముఖ సంస్థ, ఒకప్పుడు టీవీ షాడో మాస్క్‌లు చేసిన జపాన్‌లోని దాయ్ నిప్పన్ ప్రింటింగే. మాస్క్ టీవీ లోపలి నుంచి కర్మాగారానికి మారింది. వేడికి లోహం పెరుగుతుందన్న నియమం మారలేదు. దాన్ని సరిజోడుతో, ఎదురు వంపుతో, ఇన్వార్‌తో, ముందుగా లాగిన బిగువుతో అదుపులో పెట్టవచ్చని పిక్చర్ ట్యూబు ఇంజనీర్లు చేసి చూపించారు. మన చేతిలోని ఓఎల్‌ఈడీ ఫోను తెర తయారీ ఆ నాలుగు పాఠాల్లో చివరి రెంటినీ రోజూ వాడుకుంటోంది.