నాన్నగారి బ్రౌజర్‌లో నేను పెట్టిన దొంగ

ఆ మధ్య ఒక శనివారం పొద్దున్నే (మాకు న్యూజెర్సీలో పొద్దున్న, వాళ్ళకి సాయంత్రం) విజయవాడ నుంచి నాన్నగారు ఫోను చేశారు. "ఒరేయ్, నా కంప్యూటరుకి ఏదో తెగులు పట్టింది. రైళ్ళ టైములు వెతికితే ఎక్కడెక్కడి ప్రకటనలో చూపిస్తోంది" అన్నారు. సరే, తెర చూపించమన్నాను. వెతకాల్సిన మాట టైపు చెయ్యగానే, ఏదో ముక్కూమొహం తెలియని సైటు ఒకటి క్షణంపాటు మెరిసి మాయమవుతోంది. ఆ తరవాతే ఫలితాలు వస్తున్నాయి.

"ఈమధ్య ఏమైనా కొత్తవి ఇన్‌స్టాల్ చేశారా నాన్నగారూ?" అని కొంచెం విసుగ్గానే అడిగాను.

"నాకేం తెలుసురా? ఉన్నవన్నీ నువ్వు పెట్టినవే" అన్నారు.

నిజమే. వెతగ్గా వెతగ్గా దొరికిన దొంగ, రెండేళ్ళ క్రితం సెలవులకి వెళ్ళినప్పుడు నేనే స్వయంగా పెట్టిన చిన్న ఎక్స్‌టెన్షన్. తెర మీదున్నది ఫొటో తీసి నాకు పంపడానికి వీలుగా ఉంటుందని పెట్టాను. అప్పుడది మంచిదే. మధ్యలో దాని యజమాని మారాడు, దాంతోపాటు దాని బుద్ధీ మారింది. ఆయన పింఛను పడే బ్యాంకు ఖాతా కూడా ఆ బ్రౌజర్‌లోనే చూసుకుంటారని గుర్తొచ్చేసరికి నాకు చెమట పట్టింది. అదృష్టం బాగుండి డబ్బేమీ పోలేదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, నలుగురికీ సలహాలు చెప్పి బతికేవాణ్ణి నేనే ఇలా బోల్తా పడ్డాను కాబట్టి, ఈ నెల దీని గురించే రాద్దామనుకున్నాను.

అసలు ఇవి ఏం చేయగలవు?

ఫైర్‌ఫాక్స్ వాళ్ళు యాడ్-ఆన్ అన్నా, క్రోమ్ వాళ్ళు ఎక్స్‌టెన్షన్ అన్నా ఒకటే. బ్రౌజర్‌కి లేని పనిని దానిచేత చేయించే చిన్న ప్రోగ్రామ్. మన తెలుగువాళ్ళకి ఇవి కొత్తేమీ కాదు. యూనికోడ్ ఇంకా అంతటా రాని రోజుల్లో, తెలుగు పత్రికలు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే యాడ్-ఆన్ పెట్టుకుంటే, అది పేజీలో ఉన్న ఆ ఫాంటు అక్షరాలని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. విదేశాల్లో కూర్చుని ఊరి వార్తలు చదువుకున్న చాలామందికి అది తెలిసే ఉంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. పేజీలో అక్షరాలు మార్చాలంటే ముందు ఆ పేజీని చదవాలి, తరవాత దాన్ని తిరగరాయాలి. వార్తల పేజీని చదివి తిరగరాయగలిగే శక్తి, బ్యాంకు పేజీ మీద కూడా అదే శక్తి. ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలోనూ మీ సమాచారాన్ని చదవగలదు, మార్చగలదు" అని బ్రౌజర్ హెచ్చరించేది దీని గురించే.

"సైటు పక్కన తాళం గుర్తు ఉంటుందిగా, ఇంకేం భయం?" అని కొందరు అడుగుతారు. ఆ తాళం కాపాడేది మీ బ్రౌజర్‌కీ బ్యాంకుకీ మధ్యనున్న దారిని. ఎక్స్‌టెన్షన్ ఉండేది దారిలో కాదు, ఇంట్లో. తాళం తీసి లోపలికి తెచ్చుకున్న ఉత్తరాన్ని అది మీ భుజం మీదుగా చదువుతుంది. మరి ఓటీపీ? మీరు ఓటీపీ కొట్టి లోపలికి వెళ్ళాక, "ఈయన మనవాడే" అని సైటు మీ బ్రౌజర్‌కి కుకీ అనే చీటీ ఒకటి ఇస్తుంది. తగిన అనుమతులున్న ఎక్స్‌టెన్షన్ ఆ చీటీని ఎత్తుకుపోగలదు. చాలా సైట్లలో ఆ చీటీ దొరికినవాడికి పాస్‌వర్డుతోగాని ఓటీపీతోగాని పని లేదు.

మంచివి ఎలా చెడిపోతాయి?

మొదటి దారి అమ్మకం. వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసే 'ది గ్రేట్ సస్పెండర్' అనేది క్రోమ్‌లో 20 లక్షల మందికి పైగా వాడిన ఎక్స్‌టెన్షన్. 2020 జూన్‌లో దాన్ని రాసినాయన ఎవరో తెలియని కొత్తవాళ్ళకి అమ్మేశాడు. కొన్నాళ్ళకి, బయటికి చూపించే సోర్సుకోడులో లేని కోడు దుకాణంలోని వెర్షన్‌లో కనిపించిందని వాడేవాళ్ళు పట్టుకున్నారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తీసేసింది. వాడేవాళ్ళ వైపు నుంచి ఏ తప్పూ లేదు. అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి కదా!

రెండోది దొంగతనం. 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవెన్ అనే కంపెనీ ఉద్యోగి ఒకరికి, క్రోమ్ దుకాణం వాళ్ళు రాసినట్టుగా ఒక ఈమెయిల్ వచ్చింది. మీ ఎక్స్‌టెన్షన్‌ని తొలగించబోతున్నాం అని దాని సారాంశం. కంగారుపడి నొక్కి అనుమతి ఇచ్చేసరికి, దొంగలు సరిగ్గా క్రిస్మస్ రోజున కల్తీ వెర్షన్‌ని దుకాణంలో పెట్టారు. సుమారు 4 లక్షల మంది వాడే ఎక్స్‌టెన్షన్ అది. ఆ కంపెనీ వ్యాపారం ఏమిటో తెలుసా? సమాచార భద్రత! అయితే ఒకటి ఒప్పుకోవాలి. వాళ్ళు దాదాపు ఒక్క రోజులోనే సంగతి పసిగట్టి, వెంటనే దాన్ని తీయించి, జరిగింది దాచకుండా చెప్పారు.

మూడోది గుట్టుగా సాగే వ్యాపారం. 2019 జులైలో శామ్ జడాలీ అనే పరిశోధకుడు 'డేటాస్పై' పేరుతో ఒక నివేదిక బయటపెట్టాడు. 8 ఎక్స్‌టెన్షన్లు, 40 లక్షల మంది దాకా తిరిగిన సైట్ల చిరునామాలని సేకరిస్తున్నాయని, అవి డబ్బిచ్చినవాళ్ళకి అందుతున్నాయని అందులో తేల్చాడు. చిరునామాలే కదా అనుకోకండి. "ఈ లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చు" అని మనం పంచుకునే పత్రాలుంటాయే, వాటికి లింకే తాళంచెవి. టాక్స్ రిటర్నులు, ఆసుపత్రి కాగితాలు అలాగే బయటపడ్డాయి.

పెట్టుకునే ముందు

1. నిజంగా అవసరమా? తెర ఫొటో తీయడం, పీడీఎఫ్ తెరవడం, పేజీని అనువదించడం ఇప్పటి బ్రౌజర్‌లోనో, విండోస్‌లోనో ఉన్నవే. నాన్నగారికి నేను పెట్టినదానికి అసలు అవసరమే లేదు.

2. పనికీ అడిగే అనుమతికీ పొంతన ఉందా? ప్రకటనలు ఆపేది అన్ని సైట్లూ చదవాలనడంలో అర్థముంది. వాతావరణం చెప్పేది అలా అడిగితే అర్థం లేదు. ఇంటికి పెయింటు వేయడానికి వచ్చినవాడు బీరువా తాళాలు అడిగితే ఇస్తామా?

3. రాసింది ఎవరు? పేరు, సొంత సైటు, మన సమాచారాన్ని ఏం చేస్తారో చెప్పే పేజీ ఉన్నాయా చూడండి. ఊరికే ఇచ్చేదైతే, వాళ్ళకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా ఆలోచించండి.

4. సమీక్షల్ని కొత్తవాటి నుంచి చదవండి. మొత్తం రేటింగు పాత మంచిరోజులదీ కావచ్చు. "ఈమధ్య ప్రకటనలు వస్తున్నాయి" లాంటివి రెండుమూడు కనిపిస్తే వెనక్కి తిరగండి.

5. ఫైర్‌ఫాక్స్‌లో 'రెకమెండెడ్' గుర్తు ఉన్నవాటి కోడుని మొజిల్లా మనుషులు చూస్తారు. క్రోమ్‌లో 'ఫీచర్డ్' గుర్తూ కొంత నయమే. కానీ ఏ గుర్తూ జీవితకాలపు హామీ కాదు.

పెట్టుకున్నాక

క్రోమ్ మెనూలో ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్ళి, ఒక్కొక్కదాని వివరాలు తెరవండి. ఏ సైట్లు చూడొచ్చన్న చోట చాలావాటికి మూడు ఎంపికలుంటాయి: నొక్కినప్పుడు మాత్రమే, మీరు చెప్పిన సైట్లలో, అన్ని సైట్లలో. వీలైనంతవరకు మొదటిదానికి మార్చండి. కొత్త అనుమతి అవసరమైతే క్రోమ్ ఆ ఎక్స్‌టెన్షన్‌ని ఆపి మిమ్మల్ని అడుగుతుంది. కానీ మొదటే అన్ని సైట్లకీ తలుపులు తెరిచి ఉంచితే, ఇక అడగడానికేముంది? యజమాని మారినా చప్పుడు ఉండదు.

బ్యాంకు, ఇమ్మిగ్రేషన్, టాక్స్ పనులకి ఎక్స్‌టెన్షన్లు లేని వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. అది కుదరకపోతే ఇన్‌కాగ్నిటో విండో వాడండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు. ఇక నాలాంటి కన్సల్టెంట్లకి ఒక మాట: క్లయింటు ఇచ్చిన లాప్‌టాప్‌లో సొంత ఎక్స్‌టెన్షన్లు పెట్టకండి. పోయేది మీ సమాచారం ఒక్కటే కాదు, మీ ఉద్యోగం కూడా.

అనుమానం వస్తే

వరస ముఖ్యం. ముందు ఎక్స్‌టెన్షన్ తీసేయండి. ఒకే అకౌంటుతో సింక్ చేసిన మిగతా కంప్యూటర్లలోనూ పోయిందో లేదో చూడండి. తరవాత, ముఖ్యమైన సైట్లలో అన్ని పరికరాల నుంచీ లాగౌట్ అవండి. ఇందాక చెప్పిన చీటీలని రద్దు చేయడానికి ఇదే మార్గం. ఆ తరవాతే పాస్‌వర్డులు మార్చండి. దొంగ ఇంట్లో ఉండగా తాళం మారిస్తే, కొత్త తాళంచెవి కూడా వాడి కళ్ళముందే పెట్టినట్టు.

ఆ శనివారం ఇవన్నీ పూర్తయ్యేసరికి అక్కడ రాత్రి పది దాటింది. "ఇంకెప్పుడూ ఇలాంటివి పెట్టనులెండి నాన్నగారూ" అన్నాను. "పెట్టడం తప్పు కాదురా. పెట్టి రెండేళ్ళు అటువైపు చూడకపోవడం తప్పు" అన్నారు. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల కాపీ పుస్తకాలు దిద్దిన మనిషి, ఊరికే ఎందుకు వదుల్తారు?

ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు, కుశల ప్రశ్నలయ్యాక ఒక్క పది నిమిషాలు మీ అమ్మగారి, నాన్నగారి బ్రౌజర్ కూడా చూడండి. అందులో మీరు పెట్టినవి ఎన్నున్నాయో లెక్కపెట్టండి.