టాస్ ఓడితే ఇంత గోల... చెక్కు దగ్గర మాత్రం ఎందుకు సైలెంట్?

2025 డిసెంబరు 6, విశాఖపట్నం. దక్షిణాఫ్రికాతో మూడో వన్డే. కేఎల్ రాహుల్ ఈసారి ఎడమచేత్తో నాణెం ఎగరేశాడు. టాస్ మనదే! అంతే, మ్యాచ్ గెలిచేసినంత సంబరం. ఎందుకుండదు మరి? 2023 ప్రపంచకప్ ఫైనల్‌తో మొదలుపెట్టి వరసగా 20 వన్డేల్లో మనవాళ్లు టాస్ ఓడిపోయారు. నాణెం ఇరవైసార్లూ మనకి ఎదురుతిరిగే అవకాశం ఎంతో తెలుసా? పది లక్షల్లో ఒక్కటి కూడా లేదు!

దీన్ని నవ్వుకుని వదిలేద్దామంటే అంత చిన్న విషయమూ కాదు. అంతకు మూడు రోజుల ముందు రాయ్‌పుర్‌లో కోహ్లీ, రుతురాజ్ సెంచరీలు కొట్టారు. స్కోరు 358. మామూలుగా అయితే సేఫ్. కానీ రాత్రయ్యేసరికి మంచు పడింది, బంతి తడిసి సబ్బుముక్కలా జారింది. నాలుగు బంతులు మిగిలుండగానే దక్షిణాఫ్రికా కొట్టేసింది. ఇక దుబాయ్‌లో 2021 టీ20 ప్రపంచకప్ సంగతి గుర్తుందా? ఆ గ్రౌండ్‌లో జరిగిన 13 మ్యాచ్‌ల్లో 12 రెండోసారి బ్యాటింగ్ చేసిన జట్టే గెలిచింది, ఫైనల్‌తో సహా. పాకిస్థాన్ మీదా, న్యూజిలాండ్ మీదా మనం ముందు బ్యాటింగ్‌కి దిగి మునిగింది అక్కడే.

మరి ఇది న్యాయమేనా? కోట్ల మంది చూసే ఆట ఒక రూపాయి బిళ్ల మీద ఆధారపడాలా? సోషల్ మీడియాలో మనం నెలల తరబడి కొట్టుకునే టాపిక్ ఇదే. దీనితో పాటు పిచ్, బౌండరీ సైజు, షెడ్యూలు. నన్నడిగితే, వీటిలో చాలావాటికి మనం ఇచ్చే బిల్డప్ ఎక్కువ. అసలు తేడా జరిగే చోటు వేరే ఉంది. అక్కడికే వస్తున్నా.

అదృష్టం ఒక చేత్తో లాక్కుని...

ముందు ఒక తమాషా చూడండి. ఆ 20 టాస్‌ల ఓటమిలోనే 2025 ఛాంపియన్స్ ట్రోఫీ కూడా ఉంది. అయిదు మ్యాచ్‌లు, అయిదు టాస్‌లూ ఓటమే. కప్పు మాత్రం మనదే! టాస్ పోతే ఆట పోయినట్టే అనేవాళ్లకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

అయితే అదే టోర్నీలో అవతలి జట్లు మన మీద ఒక కంప్లయింట్ చేశాయి. ఇండియా మ్యాచ్‌లన్నీ దుబాయ్‌లోనే. ఒకే హోటల్, ఒకే గ్రౌండ్. మిగతావాళ్లేమో పాకిస్థాన్, దుబాయ్‌ల మధ్య తిరిగారు. సెమీస్ ప్రత్యర్థి ఎవరో తేలకముందే దక్షిణాఫ్రికా దుబాయ్ వచ్చి దిగింది, తీరా తమ మ్యాచ్ లాహోర్‌లో అని తేలాక మళ్లీ విమానం ఎక్కింది. డేవిడ్ మిల్లర్ దాని మీద చిరాకు పడ్డాడు కూడా. మనం అక్కడ ఆడటానికి కారణం రాజకీయం, ఆటగాళ్లు చేసింది కాదు. కానీ లాభం లాభమే. టాస్‌లో పోయింది షెడ్యూల్లో వచ్చింది.

టాస్‌కి మందు కనిపెట్టాలని చూసినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్ కౌంటీల్లో 2016లో ఒక రూలు పెట్టారు. బయటి నుంచి వచ్చిన జట్టు కావాలంటే టాస్ లేకుండానే ముందు బౌలింగ్ తీసుకోవచ్చు. ఇంటి జట్టు తనకు అచ్చొచ్చే పిచ్ చేసుకుని, పైగా టాస్ కూడా గెలిస్తే ఎదుటివాడి గతేంటని ఆలోచన. కొన్నేళ్లు నడిచి ఆగిపోయింది. 2018లో ఐసీసీ క్రికెట్ కమిటీ టెస్టుల్లో టాస్ తీసేద్దామా అని చర్చించి, వద్దులే అనేసింది. మన దగ్గర 2024-25 సీజన్‌లో అండర్-23 కుర్రాళ్ల టోర్నీలో బీసీసీఐ టాస్ తీసేసి, ఎంపిక విజిటింగ్ జట్టుకిచ్చింది. ఆ టోర్నీ పేరు సీకే నాయుడు ట్రోఫీ. అవును, మచిలీపట్నం మూలాలున్న మన కొఠారి కనకయ్య నాయుడి పేరు మీదే.

పిచ్‌లంటారా? తన గోతిలో తానే పడటమంటే ఏమిటో మనవాళ్లే చూపించారు. 2023 మార్చిలో ఇండోర్‌లో బంతి గిర్రున తిరిగే వికెట్ చేశాం. మూడో రోజు పొద్దున్నే ఆస్ట్రేలియా తొమ్మిది వికెట్లతో గెలిచి వెళ్లింది. 2024లో పుణెలో స్పిన్ పిచ్ మీద న్యూజిలాండ్ ఎడమచేతి స్పిన్నర్ శాంట్నర్ 13 వికెట్లు తీశాడు. ఆ సిరీస్ 3-0తో పోయింది. 2025 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో 124 కొట్టాల్సి ఉండగా 93కే ఆలౌట్. ఆ పిచ్ మేం అడిగిందే అని కోచ్ గంభీరే ఒప్పుకున్నాడు. మంచో చెడో, ఇంటి పిచ్ అనేది గ్యారంటీ చెక్కు కాదు.

గోడ ఎత్తు 37 అడుగులు!

గ్రౌండ్ సైజుల్లో తేడా ఇంకా విచిత్రం. అంతర్జాతీయ పురుషుల క్రికెట్‌లో బౌండరీ పిచ్ మధ్య నుంచి 65 గజాలకి తగ్గకూడదు, 90 గజాలు దాటకూడదు. అంటే 59 మీటర్లకీ 82 మీటర్లకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఒక ఊళ్లో సిక్స్ అయ్యే బంతి ఇంకో ఊళ్లో క్యాచ్. అయినా రికార్డు పుస్తకంలో రెండూ ఒకటే లెక్క.

ఇదే ఎక్కువనుకుంటే బేస్‌బాల్ చూడాలి. అమెరికాలో ఉంటున్న మన ఫ్రెండ్స్‌నో, బంధువులనో అడిగితే కథలు కథలుగా చెబుతారు. అక్కడ బేస్‌ల మధ్య దూరం ప్రతి గ్రౌండ్‌లోనూ 90 అడుగులే. కానీ వెనక గోడ ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నది స్టేడియాన్ని బట్టి మారిపోతుంది. బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో ఎడమవైపు గోడ బ్యాటర్‌కి చాలా దగ్గర. కాకపోతే దాని ఎత్తు 37 అడుగులు! ముద్దుగా 'గ్రీన్ మాన్‌స్టర్' అంటారు. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి 5,200 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన, బంతి ఇంకాస్త దూరం ఎగురుతుంది. అందుకే 2002 నుంచి అక్కడ బంతుల్ని తేమ అదుపులో ఉండే గదిలో దాచి, ఆ తర్వాతే ఆటకి ఇస్తున్నారు. మన వేసవిలో కూరగాయలకి తడిగుడ్డ కప్పినట్టన్నమాట.

అయినా అక్కడ దీనిమీద విప్లవాలేం రావు. సీజన్‌లో ప్రతి జట్టుకీ 162 మ్యాచ్‌లు. 81 ఇంటి దగ్గర, 81 బయట. గోడ ఎక్కడుందో ఇద్దరికీ ముందే తెలుసు. రెండు జట్లూ అదే గోడ దగ్గర ఆడతాయి. అందుకే నాకిది అన్యాయం అనిపించదు. కొంచెం గమ్మత్తు, అంతే.

బేస్‌బాల్ ఆటగాళ్లు నిజంగా పోరాడింది గోడ మీద కాదు, జీతం మీద.

అమ్మకానికి మనిషి

1969. కర్ట్ ఫ్లడ్ అనే స్టార్ ఆటగాడు సెయింట్ లూయీ జట్టులో 12 ఏళ్లు ఆడాడు. ఏడాదికి 90 వేల డాలర్ల జీతం, ఆ రోజుల్లో గొప్పే. ఒకరోజు అతన్ని ఫిలడెల్ఫియా జట్టుకి మార్చేశామని కబురొచ్చింది. అతన్ని అడిగినవాళ్లు లేరు. అప్పటి రూలు ప్రకారం జట్టు ఒకసారి సంతకం పెట్టించుకుంటే ఆ ఆటగాడు వాళ్ల సొత్తు. వాళ్లు అమ్మితే వెళ్లాలి, లేకపోతే ఆట మానెయ్యాలి. నేను అమ్ముడుపోయే వస్తువుని కాదంటూ ఫ్లడ్ కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. కెరీర్ కూడా పోయింది. కానీ ఆటగాళ్ల యూనియన్ వదల్లేదు. 1975 చివర్లో మరో ఇద్దరు బౌలర్ల కేసులో ఆర్బిట్రేటర్ తీర్పు ఆటగాళ్ల పక్షాన వచ్చింది. కాంట్రాక్టు అయిపోతే నచ్చిన జట్టుతో బేరమాడుకునే హక్కు అక్కడి నుంచే పుట్టింది. 2024 డిసెంబరులో జువాన్ సోటో 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు చేసుకున్నాడంటే, దాని వెనక ఫ్లడ్ పోగొట్టుకున్న కెరీర్ ఉంది.

ఇప్పుడు మన ఐపీఎల్ వేలం వైపు చూడండి. దీనివల్ల మంచి జరగలేదని అనను. హైదరాబాద్‌లో ఆటో నడిపిన తండ్రి కొడుకు సిరాజ్‌ని 2017లో 20 లక్షల కనీస ధర నుంచి 2.6 కోట్లకి తీసుకెళ్లింది ఈ వేలమే. తర్వాత బెంగళూరుకి ఏళ్లపాటు ఆడాడు, వాళ్లు వదిలేస్తే 12.25 కోట్లకి గుజరాత్ కొనుక్కుంది. బాగుంది. కానీ ఏ ఊరికి ఆడాలి, ఎంతకి ఆడాలి అన్న రెండు ప్రశ్నల్లో ఒక్కదానికీ వేలంలో ఉన్న ఆటగాడు జవాబు చెప్పలేడు. పాడేవాడు పాడతాడు, వెళ్లేవాడు వెళ్లాలి.

వెళ్లనంటే? వేలంలో అమ్ముడయ్యాక సరైన కారణం లేకుండా తప్పుకుంటే రెండు సీజన్లు నిషేధం. ఇంగ్లండ్ ఆటగాడు హ్యారీ బ్రూక్‌కి 2025లో అదే జరిగింది. ఫ్రాంచైజీ టీమ్ ప్లాన్ దెబ్బతింటుందన్న వాదనలో నిజం లేకపోలేదు. ఇంకొకటి చూడండి. 2025 డిసెంబరు వేలంలో కామెరాన్ గ్రీన్‌ని కోల్‌కతా 25.20 కోట్లకి పాడింది. అతని చేతికొచ్చేది 18 కోట్లే. మినీ వేలంలో విదేశీ ఆటగాడికి అంతకు మించి ఇవ్వకూడదని రూలు. మిగతాది ఆటగాళ్ల సంక్షేమానికని బోర్డు దగ్గరికి పోతుంది.

ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చెయ్యండి, ఒక లెక్క వేద్దాం. 2023-27కి ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లు. ఏడాదికి 9,678 కోట్లు. 2025లో పది జట్ల వేలం పర్సులు కలిపితే 1,200 కోట్లు. మ్యాచ్ ఫీజులు వేసుకున్నా ప్రసారాల డబ్బులో 15 శాతం దగ్గరే ఆగుతుంది. స్పాన్సర్లు, టికెట్ల డబ్బు ఇందులో లేదు, అది కూడా కలిపితే ఆటగాళ్ల వాటా ఇంకా తగ్గుతుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లోనేమో ఆట ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకని ఒప్పందంలోనే రాసుకున్నారు. తేడా ఎక్కడ? అక్కడ యూనియన్ ఉంది. మన దగ్గర 2019లో వచ్చిన భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్లది. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున బోర్డు ముందు కూర్చుని మాట్లాడే సంఘమే లేదు.

అమ్మాయిల లెక్క

'అమ్మాయిల క్రికెట్‌కి డబ్బులు రావు, అందుకే తక్కువ ఇస్తారు' అనే కామెంట్ మీరూ చూసే ఉంటారు. సరే, అదే కాలిక్యులేటర్‌తో చూద్దాం. మహిళల ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కులు అయిదేళ్లకి 951 కోట్లు, అంటే ఏడాదికి 190. అయిదు జట్ల పర్సులు తలా 15 కోట్లు, మొత్తం 75. దాదాపు 39 శాతం! వచ్చే డబ్బుని బట్టే ఇవ్వాలంటే తక్కువ ముడుతున్నది అబ్బాయిలకే. పంత్‌కి 27 కోట్లు, మన కడప అమ్మాయి శ్రీచరణికి 1.3 కోట్లు అన్నది చూడటానికి ఘోరంగా ఉన్నా, లీగ్‌ల మధ్య ఆ తేడాని మార్కెట్ అని సరిపెట్టుకోవచ్చు.

సరిపెట్టుకోలేనిది బోర్డు స్వయంగా రాసే చెక్కు. 2022 అక్టోబరులో బీసీసీఐ మ్యాచ్ ఫీజులు సమానం చేసింది. ఎవరు ఆడినా టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. మంచి నిర్ణయం, చప్పట్లు కొట్టాం. అయితే ఫీజు మ్యాచ్ ఆడితేనే కదా? హైదరాబాద్ మిథాలీ రాజ్ 23 ఏళ్లు దేశానికి ఆడితే దక్కిన టెస్టులు 12. మధ్యలో 2014 నవంబరు నుంచి 2021 జూన్ దాకా మన మహిళా జట్టుకి ఒక్క టెస్టూ లేదు. సున్నా మ్యాచ్‌లకి 15 లక్షల చొప్పున ఎంతవుతుంది?

వార్షిక కాంట్రాక్టుల్లో ఆ సమానత్వం కూడా లేదు. 2024-25 లిస్టు చూడండి. పురుషుల్లో పై గ్రేడ్‌కి 7 కోట్లు, అట్టడుగు సి గ్రేడ్‌కి కోటి. నితీశ్ రెడ్డి, తిలక్ వర్మ ఆ సి గ్రేడ్‌లోనే ఉన్నారు, ఇంకా మొదటి మెట్టు మీదున్న కుర్రాళ్లు. మహిళల్లో అన్నిటికన్నా పై గ్రేడ్ 50 లక్షలు. 2025 నవంబరు 2న ప్రపంచకప్ ఎత్తిన హర్మన్‌ప్రీత్‌ది ఆ గ్రేడే. టోర్నీలో 22 వికెట్లు, 215 పరుగులతో బెస్ట్ ప్లేయర్‌గా నిలిచిన దీప్తి శర్మదీ అదే. అంటే వీళ్ల చివరి మెట్టులో సగం దగ్గర వాళ్ల మొదటి మెట్టు ఆగిపోయింది. హైదరాబాద్ పేసర్ అరుంధతి రెడ్డి ఉన్న సి గ్రేడ్‌కి 10 లక్షలు. ఇక్కడ వేలం లేదు, ఫ్రాంచైజీ ఓనర్ లేడు, మార్కెట్ లేదు. ఒక ఆఫీసులో కూర్చుని రాసిన అంకెలు ఇవి.

కప్పు గెలిచాక బోర్డు 51 కోట్ల నజరానా ప్రకటించింది. శ్రీచరణికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2.5 కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ఇస్తామంది. ఇవ్వాల్సిందే. కానీ నజరానా గెలిచినవాళ్లకి, గెలిచాక. గెలవకముందు పదేళ్లు ఎలా బతకాలన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న వైపు కొంచెం కదలిక 2025 డిసెంబరులో వచ్చింది. దేశవాళీ సీనియర్ అమ్మాయిలకి వన్డే, ఎర్రబంతి మ్యాచ్‌ల ఫీజుని రోజుకి 20 వేల నుంచి 50 వేలకి పెంచారు. రంజీ కుర్రాడికి అనుభవాన్ని బట్టి రోజుకి 40 నుంచి 60 వేలు. రేటు ఇంచుమించు కలిసింది. ఇక రోజుల సంగతి. ఎలైట్ గ్రూపులో రంజీ కుర్రాడికి లీగ్ దశలోనే ఏడు మ్యాచ్‌లు, నాలుగేసి రోజులు, మొత్తం 28. అమ్మాయిల ఎర్రబంతి టోర్నీ జోన్ల మధ్య జరుగుతుంది. అది కూడా ఆరేళ్లు ఆగిపోయి 2024లో మళ్లీ మొదలైంది. ఆంధ్ర అమ్మాయైనా, హైదరాబాద్ అమ్మాయైనా ఎర్రబంతి మ్యాచ్‌లో ఆ 50 వేల రోజు చూడాలంటే, ముందు సౌత్ జోన్ జట్టులో చోటు దొరకాలి.