ఓటమికి జవాబు బాకీ ఉంది

హైదరాబాద్ ఎఫ్‌సీ 2023 సెమీఫైనల్లో ఓడింది పెనాల్టీల దగ్గరే అనుకుంటే ఆ మ్యాచ్ నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. ఓటమిని చదవడం ఈ గడ్డకు కొత్త విద్యేమీ కాదు. డెబ్బై ఏళ్ళ కిందటే ఒక హైదరాబాదీ బడిపంతులు దేశం మొత్తానికి నేర్పిన విద్య అది. భైంసా నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని ఆలోచనలు.

రెండు మ్యాచ్‌లు. 210 నిమిషాల ఆట. ఇరువైపులా ఒక్క గోల్ లేదు. ఆఖరికి పెనాల్టీల్లో 4-3. ఇండియన్ సూపర్ లీగ్ 2022-23 సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఓటమి గురించి రికార్డులు చెప్పేది ఇంతే. మొదటి మ్యాచ్ మార్చి 9న గచ్చిబౌలిలో, రెండోది మార్చి 13న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో జరిగాయి. షూటౌట్‌లో హావియర్ సివేరియో కొట్టిన బంతిని విశాల్ కైత్ ఆపాడు. బార్తలోమ్యూ ఒగ్బెచే కొట్టింది గోల్ స్తంభానికి తగిలింది. మోహన్ బగాన్ ఫైనల్‌కు వెళ్ళి, బెంగళూరును కూడా పెనాల్టీల్లోనే ఓడించి కప్పు ఎత్తుకుంది.

ఆ సెమీఫైనల్ రాత్రి భైంసాలో ఒక ఫోన్ చుట్టూ మూగి ఆట చూసిన మా పిల్లలది ఒకటే మాట: "నసీబ్ ఖరాబుందన్నా." ఆ మాటను నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. పత్తి చేలో గులాబీ పురుగు పడితే మా రైతు తలరాత అని ఊరుకోడు. విత్తనం ఏది, విత్తింది ఎప్పుడు, తొలి పూతలో ఏం చూశాం అని వెనక్కి లెక్క తీస్తాడు. మ్యాచ్ ఓడినప్పుడు అభిమాని చేయాల్సిందీ అదే. పెనాల్టీలు ఆ రాత్రి ఆఖరి పది నిమిషాలు మాత్రమే. గోల్ పడని 210 నిమిషాల్లోనే అసలు జవాబు ఉంది.

మనోలో కట్టిన జట్టు

ముందు ఆ జట్టు ఎలాంటిదో చెప్పాలి. 2020లో స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చేనాటికి హైదరాబాద్ పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు. ఆయన పెద్ద పేర్ల వెంట పడలేదు. ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ లాంటి కుర్రాళ్ళను ఫుల్‌బ్యాక్‌లుగా నిలబెట్టాడు. లిస్టన్ కొలాసోను గోల్ వైపు నేరుగా దూసుకెళ్ళమన్నాడు. మధ్యలో బ్రెజిల్ ఆటగాడు జోవావ్ విక్టర్, ముందు ఒగ్బెచే. రెండో ఏడాదికే ఫలితం కనిపించింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హైదరాబాద్ 3-1తో గెలిచింది. ఆ సీజన్లో ఒగ్బెచే 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్నాడు.

ఆ ఆట మూలసూత్రం తేలికగానే అర్థమవుతుంది. కాగితం మీద అది 4-2-3-1. వెనక నలుగురు, వాళ్ళ ముందు కాపలాగా ఇద్దరు, ఆపైన ముగ్గురు, అందరికన్నా ముందు ఒక్క స్ట్రైకర్. బంతి చేజారితే ఆ ఇద్దరు కాపలాదారులు మధ్య దారిని మూసేస్తారు. బంతి దొరికితే ఫుల్‌బ్యాక్‌లు అంచుల వెంట పైకి పరుగెత్తుతారు. జట్టు వెడల్పు పెరుగుతుంది, ఎదుటివాళ్ళ డిఫెన్స్ చీలుతుంది, బాక్స్‌లో ఒగ్బెచేకు చోటు దొరుకుతుంది. ముందు భద్రత, తర్వాత దాడి. 2022-23లోనూ ఈ పద్ధతే హైదరాబాద్‌కు 20 మ్యాచ్‌ల్లో 42 పాయింట్లు తెచ్చింది. ముంబై సిటీ 46 పాయింట్లతో మొదటి స్థానంలో ఉంటే మనవాళ్ళది రెండో స్థానం.

దారి ఎక్కడ మూసుకుంది?

లీగ్ వేరు, నాకౌట్ వేరు. లీగ్‌లో పది మంది పరీక్షకులు ఉంటే, నాకౌట్‌లో ఒక్కడే ఉంటాడు. వాడు మీ ఒక్కరి పాఠమే చదువుకుని వస్తాడు. పైగా మోహన్ బగాన్‌కు హైదరాబాద్ కొత్తేమీ కాదు. 2021లో లిస్టన్, 2022లో ఆశీష్ రాయ్ ఆ క్లబ్బుకే వెళ్ళారు. మనోలో తీర్చిదిద్దిన ఇద్దరు ఎదుటి శిబిరంలో ఉన్నారు. ఆశీష్ వెళ్ళాక కుడివైపు వెనక భాగంలో నిఖిల్ పూజారీ ఆడాల్సివచ్చింది. అతను మొదట వింగర్. బాగానే ఆడాడు. కానీ ఆ అంచు నుంచి వచ్చే దాడి స్వభావం మారింది.

ఆ సీజన్ లీగ్‌లో ఈ రెండు జట్లూ చెరొకసారి 1-0తో గెలిచాయి. సెమీఫైనల్స్ కలిపితే నాలుగు మ్యాచ్‌ల్లో మొత్తం రెండే గోల్స్. ఇది ఒక్క రాత్రి జరిగింది కాదు, ఒక ధోరణి. ఇద్దరూ ఒకరి బలాన్ని ఒకరు మూసేశారు. అలాంటి మ్యాచ్‌లో భద్రతను ఎవరు ముందుగా కొంచెం వదులుకుంటారు అన్నదే ప్రశ్న. కాపలాగా ఉన్న ఇద్దరిలో ఒకరిని ముందుకు పంపి, ఒగ్బెచేకు ఇరవై గజాల వెనక బంతి అందుకునే మనిషిని పెడితే ఎదుటి సెంటర్‌బ్యాక్ చిక్కులో పడతాడు. అతని వెంట బయటికి వస్తే వెనక ఖాళీ, రాకపోతే ముందు ఖాళీ. ఆ చిక్కు మనం కల్పించలేకపోయాం. అంచుల నుంచి క్రాస్‌లు పంపడం ఒక్కటే దారి అయినప్పుడు, బాక్స్‌ను మనుషులతో నింపుకున్న జట్టుకు ఆ బంతిని తలతో తరిమేయడం పెద్ద పని కాదు.

మనోలో మీద నాకు గౌరవం ఉంది. హైదరాబాద్‌కు ఆయన ఇచ్చినంత ఏ కోచూ ఇవ్వలేదు. ఆ గౌరవంతోనే అంటున్నాను, ఆ సెమీఫైనల్లో జట్టుకు రెండో ఆలోచన లేకపోయింది. కప్పు గెలిచిన పద్ధతిని అందరూ చదివేశాక మరో పద్ధతి చేతిలో ఉండాలి.

రహీం సాబ్ బడి

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం బతుకంతా ఈ మాటే. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిన భారత జట్టుకూ ఆయనే కోచ్.

ఆ మరుసటి ఏడే పెద్ద దెబ్బ. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. ఆ చలిలో మనవాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. బూట్లు లేకపోవడం అందరికీ కనిపించిన లోపం. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం అక్కడితో ఆగలేదు. వెనక ఇద్దరే డిఫెండర్లు ఉండే పాత 2-3-5 పద్ధతితో యూరప్ జట్లను ఆపలేమని ఆయన గ్రహించారు. 1953లో హంగరీ లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో చిత్తుచేసింది. సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి దిగి ఆడడమే ఆ విజయానికి కీలకం. పాత పద్ధతి కాలం చెల్లిందని అప్పుడు ప్రపంచమంతటికీ తెలిసింది. రహీం మన జట్టు ఆకారాన్నీ మార్చుకుంటూ వచ్చారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచి 4-2-4ను లోకానికి చాటకముందే ఆయన ఆ దిశలో నడిచారు.

మైదానంలో ఆయన నేర్పిన తీరు ఇప్పటి అకాడమీలు చదువుకోదగ్గది. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే పాస్ ఇవ్వాల్సిందే. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఒకే కాలి మీద ఆధారపడినవాణ్ణి ఒకవైపు నుంచి మూసేస్తే చాలు, ఆగిపోతాడు. రెండు కాళ్ళూ వచ్చినవాడికి ఎప్పుడూ ఇంకో దారి ఉంటుంది. సాల్ట్‌లేక్‌లో మనకు లేకపోయింది ఆ ఇంకో దారే.

ఫలితం నాలుగేళ్ళలో వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరాం. ఎదురుగా అదే యుగోస్లావియా. రెండో సగం మొదట్లో డిసౌజా గోల్‌తో భారతే ఆధిక్యంలోకి వెళ్ళింది. ఆ తర్వాత 4-1తో ఓడిపోయినా, 10-1 నుంచి అక్కడికి నాలుగేళ్ళలో చేరడం చిన్న ప్రయాణం కాదు. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. భారత ఫుట్‌బాల్ ఆ ఎత్తును మళ్ళీ అందుకోలేదు.

జకార్తా జవాబు

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది 1962. జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెన్స్‌కు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే అతన్ని కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. వెనక భాగాన్ని అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2 గెలుపులో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియా ఎదురైంది. స్టేడియం అంతా మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. బంగారం మనది.

ఆ జట్టు ముందు వరసలో చునీ గోస్వామి, పీకేతో పాటు మన సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టినవాడు. అవసరమైతే వెనక్కి దిగి బంతి తెచ్చుకునే ఫార్వర్డ్. జకార్తా నాటికే క్యాన్సర్‌తో పోరాడుతున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు. నెల తిరగకముందే ఆ నగరంలోనే హైదరాబాద్ సెమీఫైనల్ ఆడింది. ఆయన ఆడినట్టు రెండు వరసల మధ్య ఆడగలిగే మనిషి ఆ రాత్రి మనకు ఉండాల్సింది.

అసలు నష్టం

రహీంకు యుగోస్లావియా రెండోసారి ఎదురైంది. దక్షిణ కొరియా రెండోసారి ఎదురైంది. ఓటమిని చదివి, దిద్దుకుని, అదే ప్రత్యర్థి ముందు మళ్ళీ నిలబడే అవకాశం ఆయనకు దక్కింది. హైదరాబాద్ ఎఫ్‌సీకి దక్కలేదు. 2023లో మనోలో గోవాకు వెళ్ళిపోయాడు. ముఖ్యమైన ఆటగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. కొత్తవాళ్ళను తీసుకోకుండా బదిలీ నిషేధం పడింది. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

సెమీఫైనల్ ఓడినందుకు నేను ఇప్పుడు బాధపడడం లేదు. ఆ ఓటమికి జవాబు చెప్పాల్సిన జట్టే లేకుండా పోయినందుకు బాధపడుతున్నాను. వ్యూహం తప్పితే మార్చుకోవచ్చు. కోచ్ పోతే ఇంకొకరు వస్తారు. నేర్చుకున్న జట్టు చెదిరిపోతే నేర్చుకున్నదంతా దానితోనే పోతుంది.

ఫుట్‌బాల్ మాత్రం ఇక్కడినుంచి పోలేదు. 2024 సెప్టెంబర్‌లో మనోలో భారత జట్టు కోచ్‌గా గచ్చిబౌలికే తిరిగివచ్చాడు. మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 3-0 ఓటమి. డిసెంబర్ 31న అక్కడే సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్ కేరళను 1-0తో ఓడించింది. శ్రీనిధి డెక్కన్ క్లబ్బు ఐ-లీగ్‌లో వరసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. మా పక్కనున్న నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళిన గుగులోతు సౌమ్య ఈస్ట్ బెంగాల్ తరఫున మహిళల లీగ్ గెలిచి, 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. వేదికలున్నాయి, ప్రతిభ ఉంది. లేనిది కొనసాగింపు.

భైంసా నుంచి ఒక మాట

మా ఊళ్ళో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే బజారులో వినిపిస్తాయి. పేపర్లో మాత్రం భైంసా పేరు ఎక్కువసార్లు బందోబస్తు వార్తలతోనే వచ్చింది. అలాంటి ఊళ్ళో మూడు భాషల పిల్లలు ఒక జట్టు కోసం ఒక ఫోన్ ముందు కూర్చోవడం నాకు ఎంతో విలువైన సంగతి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ పిల్లలకు ఒక ఉమ్మడి పేరు ఇచ్చింది. ఆ పేరు పోయాక వాళ్ళు ఎవరి కోసం కూర్చోవాలి?

నా దగ్గర జవాబు ఉంది. ఎక్కడినుంచో వచ్చి ఎక్కడికో పోయే క్లబ్బు మీద కాకుండా, జిల్లా జట్ల మీద రాష్ట్రం తన ఫుట్‌బాల్‌ను కట్టుకోవాలి. నిర్మల్, ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్ జట్లు ఏటా ఒకరితో ఒకరు ఇంటా బయటా ఆడే లీగ్ కావాలి. అందులో ఈ ఏడు ఓడించినవాడు వచ్చే ఏడూ ఎదురవుతాడు. ప్రతి జిల్లాకు ఒక శిక్షణ పొందిన కోచ్ కావాలి. ఓడిన మర్నాడు పిల్లల్ని కూర్చోబెట్టి ఆ మ్యాచ్‌ను నిమిషం నిమిషం విప్పి చూపించే కోచ్. రహీం సాబ్ పెట్టిన రెండో కాలి పోటీలు మళ్ళీ పెట్టాలి. వాటికి కావాల్సింది ఒక బంతి, ఒక మైదానం, ఒక పంతులు. ఈ మూడూ ఇవ్వలేనంత పేద రాష్ట్రం కాదు మనది.

"నసీబ్ ఖరాబుందన్నా" అన్న పిల్లాడికి నేను ఆ రాత్రి చెప్పింది, ఇప్పుడు అందరికీ చెబుతున్నది ఒకటే: "నసీబ్ కాదు తమ్మీ, లెక్క తప్పింది. లెక్కయితే దిద్దుకోవచ్చు." దిద్దుకోవడానికి వాళ్ళకు మళ్ళీ ఒక జట్టు ఇవ్వడం మన బాధ్యత.