కర్మాగారమున మానవ వనరుల అధికారి



మన పల్లెలనుండి పటాన్‌చెరువునకు, విశాఖపట్టణమునకు, శ్రీసిటీకి కర్మాగారములలో పనికై పోవు పిల్లలు అనేకులు. వారు యంత్రము ముందర నిలుచుటకు పూర్వమే వారి పేరు వ్రాసికొనువా డొకడు గలడు. వానిని మానవ వనరుల అధికారి యందురు. నా పూర్వశిష్యు డొకడు ఆ యుద్యోగములోనే యున్నాడు.

పూర్వము గ్రామమున కరణమును తగవరియు చేసిన పనులు రెండును ఇతనిపైననే పడినవి. పనివారిని ఎన్నుకొనుట, హాజరు, జీతము, సెలవులు, భవిష్యనిధి—వీని లెక్కలు ఒక వైపు. ఫిర్యాదులు వినుట, తగవులు తీర్చుట మఱియొక వైపు. జీత మిచ్చువాడు యజమాని. మొఱ పెట్టుకొనువాడు కార్మికుడు. ఈ యిరువురి నడుమ ధర్మము తప్పక నిలుచుటయే ఇతని కష్టము. 500 మందికి తక్కువగాని కార్మికులున్న చోట సంక్షేమాధికారి యుండవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టము విధించినది. 2020 నాటి కార్మిక స్మృతి ఆ సంఖ్యను 250కి దించినది.

ఇక నా తప్పొకటి విన్నవించెదను. 1983లో ఒక తండ్రి కుమారుని బడిలో చేర్చుచు, "ఉప్పెన వచ్చిన యేడు పుట్టినాడండీ" అనెను. నేను మఱేమియు నడుగక 1977 జూన్ 1 అని వ్రాసితిని. ఆ బాలుడు పెరిగి, నా శిష్యుడున్న కర్మాగారముననే పనివాడయ్యెను. భవిష్యనిధి ఖాతాలో నా వ్రాత నిలిచినది. ఆధార్ పత్రములో వేఱొక తేదీ పడినది. కుమార్తె పెండ్లికై నిధినుండి ధనము కోరగా, తేదీలు కలియవని దరఖాస్తు తిరిగి వచ్చినది. నా శిష్యుడు కాగితములు కూర్చి, కార్మికునిచేతను సంస్థచేతను ఉమ్మడి ధ్రువపత్రముపై సంతకములు చేయించి పంపెను. ధనము వచ్చినది, కాని పెండ్లి నాటికి రాలేదు. ఆ తండ్రి వడ్డీకి తెచ్చి ముహూర్తము దాటించెను.

"మాస్టారూ, బడి పత్రముమీది చేవ్రాలు మీదే" అని నా శిష్యుడు మెల్లగా ననెను. నేను తలవంచుకొంటిని.

కావున మీ పిల్లలు పనికి పోవునపుడు బడి పత్రమునందును ఆధార్‌నందును పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరము తప్పక కలియునట్లు చూడుడు. మఱియొక మాట. పెండ్లికి పూర్వము భవిష్యనిధికి వ్రాసిన వారసుల నియామకము పెండ్లితో చెల్లదు, మరల వ్రాయవలెను. కోడలు ఇంట నడుగిడిన నాడే కుమారునకు ఈ మాట గుర్తుచేయుడు. ఆ కాగితము వ్రాయించుటకు అధికారి యున్నాడు. అడుగుట మన వంతు.