మలుపులో చమురు ఎటు పోవును?

హుస్సేన్ సాగరమునకు ఒక దిక్కున హైదరాబాదు, మరియొక దిక్కున సికింద్రాబాదు ఉన్నవి. 2022 డిసెంబరులో ఈ సాగరపు ఒడ్డున, సచివాలయము, లుంబినీ పార్కుల ప్రక్కగా పోవు రోడ్లమీద కార్ల పందెములు జరిగినవి. రెండు నెలలు గడచిన పిమ్మట, 2023 ఫిబ్రవరి 11వ తేదీన, ఇంచుమించు అదే బాటమీద విద్యుత్ కార్ల అంతర్జాతీయ పందెము నడచినది. బాట పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. అంత చిన్న బాటలో 18 మలుపులు.

విద్యుత్ కారులో ఇంధనము మండు ఇంజను లేదు గనుక మన విషయముతో దానికి ప్రసక్తి లేదు. కాని మొదట చెప్పిన పందెపు కార్లు ఇటలీలోని వుల్ఫ్ సంస్థ నిర్మించినవి. వాటిలో అమర్చినది ఏప్రిలియా మోటారుసైకిలు ఇంజను. రెండు చక్రముల బండికై పుట్టిన ఇంజనును నాలుగు చక్రముల బండిలో కూర్చుండబెట్టినపుడు మొట్టమొదట ఆలోచింపవలసిన భాగములలో ఒకటి, ఎవరి కంటికిని కనబడక అడుగున వ్రేలాడు చమురు తొట్టి. ఎందువలన? ఆ ప్రశ్నకు జవాబు తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్రములోనే ఉన్నది.

ఇంజను క్రింద బిగించిన ఈ తొట్టిని పుస్తకములు ఆయిల్ సంపు అనును. మెకానికులు ఛాంబరు అందురు. ఇంజనుకు కావలసిన చమురంతయు ఇందులో నిలిచి యుండును. తొట్టి అడుగువరకు దిగిన ఒక గొట్టము, దాని మూతికి ఒక జల్లెడ. ఆ గొట్టము ద్వారా పంపు చమురును పీల్చి, సన్నని దారుల గుండ క్రాంకు ఇరుసు బేరింగులకును, పైనున్న కవాటముల భాగములకును పంపును. పని ముగించుకొనిన చమురు తన బరువుచేతనే జారి మరల తొట్టిలో పడును. పొలములోని బావి, మోటారు, కాలువ ఎట్లో ఇదియు అట్లే. బావిలో నీరు తగ్గి గొట్టపు మూతి బయటపడినపుడు మోటారు గాలి లాగును; రైతు పరుగున వచ్చి దానిని ఆపును. ఇంజనులో అట్లు ఆపువారు లేరు.

చమురు చేయు పని జారుడు కలిగించుట మాత్రమే అని చాలమంది తలచెదరు. అది సగము నిజము. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల వంటి బేరింగులపై ప్రయోగములు చేసెను. చమురు పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము తొలిచెను. ఇరుసు తిరుగుచుండగా ఆ రంధ్రము గుండ చమురు లోనికి పోవుటకు మారుగా పైకి ఉబికి వచ్చెను. బిరడా బిగించెను; చమురు దానిని నెట్టివేసెను. కొయ్యమేకు కొట్టెను, అదియు లేచి వచ్చెను. పీడన మాపకము తగిలించి చూడగా, బేరింగుమీది సగటు పీడనమునకు రెట్టింపు దాటి ముల్లు పోయెను. తిరుగు ఇరుసు తనతోపాటు చమురును ఇరుకైన సందులోనికి లాగికొని పోయి, ఆ చమురుమీదనే తాను తేలుచున్నదని దీనివలన తెలిసెను. 1886లో ఆస్బార్న్ రెనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతమును కూర్చెను. కారు ఇంజనులో ఈ చమురు పొర మందము మైక్రాన్లలో, అనగా మిల్లీమీటరులో వేయవ వంతులలో, ఉండును. లోహము లోహమును తాకకుండ కాపాడునది అంతమాత్రపు పొరయే. చమురుకు బదులు గాలి బుడగలు వచ్చినచో పొర నిలువదు. గాలి నొక్కుకొని పోవును. బేరింగు లోపలి మెత్తని లోహపు పూత గీచుకొని, వేడెక్కి, ఇరుసును పట్టివేయును. పందెపు ఇంజనులో దీనికి నిమిషములు అక్కరలేదు. కొన్ని క్షణములు చాలును.

ఇక మలుపు సంగతి. బస్సు కుడికి తిరిగినపుడు ప్రయాణికులు ఎడమకు ఒరుగుదురు. తొట్టిలోని చమురు కూడ జడత్వము గలదే గనుక అదియు ఎడమకు ఒరుగును. నిలిచిన ద్రవపు పైతలము క్షితిజ సమాంతరముగా ఉండును; త్వరణము పొందుచున్న ద్రవపు పైతలము వాలును. ఆ వాలు కోణపు టాన్జెంటు, ప్రక్క త్వరణమును గురుత్వ త్వరణముతో భాగించగా వచ్చు సంఖ్యకు సమానము. ద్రవము నీరైనను నూనెయైనను పాదరసమైనను ఒకటే. సాంద్రత ఈ సూత్రములో రాదు.

ఒక లెక్క చూడుడు. 40 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును ఒక కారు గంటకు 36 కి.మీ. వేగమున, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున, దాటుచున్నది. వేగపు వర్గమును వ్యాసార్ధముతో భాగింపగా త్వరణము 2.5, చమురు వాలు సుమారు 14 డిగ్రీలు. దీనివలన ఏ తొట్టికిని అపాయము లేదు. వేగము రెట్టింపై గంటకు 72 కి.మీ. అయినచో త్వరణము నాలుగు రెట్లై 10 అగును. ఇది గురుత్వ త్వరణమునకు ఇంచుమించు సమానము. చమురు 45 డిగ్రీలు వాలును. సాధారణపు కారు టైర్లు ఇంతవరకు రాకమునుపే జారుట మొదలిడును. పందెపు కారు టైర్లు జారవు. టైరు పట్టు పెరిగినకొలది కష్టము తొట్టికి వచ్చుట ఇందులోని చమత్కారము.

తొట్టి వెడల్పు 30 సెం.మీ., పొడవు 15 సెం.మీ. అనుకొనుడు. అందులో 10 సెం.మీ. లోతు చమురు, అనగా నాలుగున్నర లీటర్లు, ఉన్నది. పీల్చు గొట్టము సరిగా నడుమ ఉన్నది. ఇంజను నడుచునపుడు సుమారు 1.2 లీటర్ల చమురు పైభాగములలోను దారులలోను ఉండిపోవును. తొట్టిలో మిగులునది 3.3 లీటర్లు. పంపు సెకనుకు అరలీటరు పీల్చుచున్నదనుకొందము. పై మలుపు సమకోణపు మలుపైనచో దాని పొడవు 63 మీటర్లు. దాటుటకు మూడు సెకన్లకు పైగా పట్టును. ఆలోగా ఒకటిన్నర లీటరు పైకి పోవును. అది వెంటనే దిగిరాదు. పైనున్న చమురుకు కూడ అదే వాలు గదా! ఇంజను తలభాగములో ఒక మూలకు చేరి, దిగు రంధ్రములను వదలి నిలిచిపోవును. తొట్టిలో మిగిలినది 1.8 లీటర్లు. ఇది సమతలముగా ఉన్నచో నాలుగు సెం.మీ. లోతు. 45 డిగ్రీల వాలులో అది ఒక త్రిభుజముగా ఒక గోడకు చేరును. త్రిభుజపు భుజము పదిహేనున్నర సెం.మీ.; తొట్టి నడుమకు పదిహేను. గొట్టపు మూతివద్ద మిగిలిన చమురు అర సెంటీమీటరు! మలుపు ఇంకొక్క క్షణము సాగినను పంపు గాలి పీల్చును. అసలు పందెములో మలుపు వెంబడి ఎదురు మలుపు ఉండును; చమురు గోడను కొట్టి వెనుకకు మరలుటలో ఈ లెక్కకంటె ఎక్కువగనే ఎగిరిపడును.

మోటారుసైకిలులో ఇట్లేల జరుగదు? సైకిలు తొక్కు విద్యార్థి జవాబు చెప్పగలడు. మలుపులో అతడు సైకిలును లోపలికి వంచును. గురుత్వమును, ప్రక్క త్వరణపు ప్రభావమును కలిపిన ఫలితబలము అపుడు బండి నిలువు గీత వెంబడియే పనిచేయును. లేనిచో బండి పడిపోవును. అందుచేత బండి 45 డిగ్రీలు వంగినను, దానిలోని చమురుకు మాత్రము తాను నిటారుగా ఉన్నట్లే ఉండును. అది తొట్టి అడుగుననే కూర్చుండును. విమానము వంగి తిరుగునపుడు గ్లాసులోని నీరు ఒలకకుండుట కూడ ఇందువలననే. కారు వంగదు. కనుక మోటారుసైకిలు ఇంజనును కారులో పెట్టినవారు ఛాంబరును మార్చకున్నచో, ఎంత మేలైన ఇంజనైనను కొద్ది మలుపులకే చెడిపోవును.

అయినచో చమురు ఎక్కువ పోసిన సరిపోదా? సరిపోదు. తొట్టికి కొంచెము పైననే క్రాంకు ఇరుసు నిమిషమునకు ఆరువేల సారులు, అనగా సెకనుకు నూరు సారులు, తిరుగుచుండును. చమురు మట్టము దానిని తాకినచో, కవ్వము మజ్జిగను చిలికినట్లు నురుగు చేయును. నురుగులో ఉన్నది సగము గాలియే. డిప్‌స్టిక్కుపై పైగీత ఉండుటకు ఇది ఒక కారణము.

సరియైన ఉపాయములలో మొదటిది అడ్డుపలకలు. వేసవిలో సికింద్రాబాదు వీథులలో తిరుగు నీటి ట్యాంకరు లోపల రంధ్రములు గల అడ్డుగోడలు ఉండును. పాలవారు బిందెలో గడ్డిపరకలు వేయుట కూడ అందుకే. కాని అడ్డుపలక చమురు పరుగును నెమ్మదింపజేయునే గాని ఆపదు. మూడు సెకన్ల మలుపులో అది చాలదు. అంతకంటె మేలైనది ఒకేవైపు తెరచుకొను తలుపు. బావి గొట్టము అడుగున రైతు బిగించు ఫుట్‌వాల్వు నీటిని లోనికి రానిచ్చును, వెలుపలికి పోనీయదు. అదే పద్ధతిలో గొట్టపు మూతి చుట్టును నాలుగు గోడల అర కట్టి, ప్రతి గోడకును నడుమ వైపునకు మాత్రమే తెరచుకొను చిన్న రేకు తలుపు అమర్చుదురు.

పై తొట్టినే 10 సెం.మీ. వెడల్పు గల మూడు అరలుగా విభజించితిమి అనుకొనుడు. మలుపు మొదలగునప్పటికి ఒక్కొక్క అరలో 1.1 లీటరు ఉన్నది. వెలుపలి అరలోనిది అక్కడనే చిక్కును. నడిమి అరలోనిది వెలుపలికి పోబోవగా తలుపు మూసికొనును. లోపలి అరలోనిది తలుపు నెట్టికొని నడిమికి వచ్చును. మొత్తము 2.2 లీటర్లలో పంపు ఒకటిన్నర పీల్చినను 0.7 లీటరు మిగులును. ఇరుకైన అర గనుక, అదే వాలులో నడుమ లోతు నాలుగున్నర సెం.మీ.కు పైగా ఉండును. అర్ధ సెంటీమీటరు ఎక్కడ, ఇది ఎక్కడ! చమురు ఒక చుక్కయైనను పెరుగలేదు. అర పైన కొంత మూత ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు; లేనిచో గోడ దాటి దుముకును.

రెండవ మార్పు, తొట్టికిని క్రాంకు ఇరుసుకును నడుమ చిల్లుల రేకు. ఇరుసునుండి చిమ్ము చమురు దీనిగుండ దిగును. క్రిందిది పైకి ఎగురదు. మూడవది తొట్టిని పెద్దది చేయుట. లోతు పెంచుట సులభమే గాని, మన ఊళ్ల స్పీడు బ్రేకర్లు దానికి ఒప్పవు. ఛాంబరు పగిలి రోడ్డుమీద చమురు గీత పరచుకొనిపోయిన బండ్లను చూడనివారుండరు. కనుక ప్రక్కలకు రెక్కలవలె వెడల్పు చేయుదురు. అల్యూమినియము పోతతో చేసి, పైన గాడులు దిద్ది, చమురు చల్లబడునని అమ్ముట కూడ ఉన్నది. అల్యూమినియము ఉక్కుకంటె వేడిని బాగుగ ప్రసరింపజేయుట నిజమే. కాని పలుచని గోడలో ఆ భేదము స్వల్పము. తొట్టిని చల్లార్చునది క్రింద పారు గాలి. గాలి తగులని చోట గాడులు అలంకారములే. పైగా రాయి తగిలినపుడు ఉక్కు రేకు సొట్టపడును, అల్యూమినియపు పోత చిట్లును.

అన్నిటికంటె పూర్తియైన ఉపాయము తొట్టిలో చమురు నిలువ చేయకుండుటయే. అడుగున పడిన చమురును వేరు పంపులు వెంటనే తోడి, దూరముగానున్న సన్నని నిలువు పాత్రకు చేర్చును. అక్కడ గాలి విడిపోయి, పాత్ర అడుగునుండి చమురు బేరింగులకు పోవును. సన్నని పాత్రలో ఎంత వాలినను అడుగు బయటపడదు. తొట్టి పలుచనగుటచే ఇంజనును నేలకు మరింత దగ్గరగ దింపవచ్చును. దీనిని డ్రైసంపు అందురు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారులో ఇది కలదు. మన రోడ్లపై తిరిగిన పాత బుల్లెట్ మోటారుసైకిలు కూడ ఈ తరగతిదే. దాని చమురు అర ఇంజను పోతలోనే వేరుగ ఉండెడిది. ఖరీదు, పంపుల సంఖ్య, గొట్టముల చిక్కు ఇందులోని లోపములు.

సికింద్రాబాదులో తిరుమలగిరి వద్దనున్న సైనిక ఎలెక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగు కళాశాలలో సైనిక వాహనముల యంత్రవిద్య నేర్పుదురు. సైనిక వాహనమునకు పందెము లేకున్నను ఈ చిక్కు తప్పదు. నిటారు గుట్ట ఎక్కు బండిలో తొట్టియే వంగును. చమురుకు రెండును ఒకటే. అయితే గుట్టపై వాలు నిమిషముల తరబడి నిలుచును గనుక, అక్కడ తలుపులకంటె గొట్టపు మూతి ఎక్కడ ఉంచవలెననునది ముఖ్యము.

ఊరిలో నడుచు కారునకు ఈ మార్పులలో ఏదియు అవసరము లేదు. డిప్‌స్టిక్కులో క్రింది గీతకు దిగిపోయిన చమురుతో ఘాటురోడ్డు ఎక్కుట మాత్రము వేరు సంగతి. మలుపులో చమురు పీడనపు ఎర్రదీపము ఒక్కసారి మినుకుమన్నచో దాని అర్థము పై లెక్కలోనే ఉన్నది.

తరగతిలో దీనిని చూపుటకు ఇంజను అక్కరలేదు. పొడవైన పారదర్శకపు ప్లాస్టిక్ డబ్బాలో రంగునీరు సగమునకు తక్కువగ పోసి మూత పెట్టి, ప్రక్కన కోణమాని అతికింపవలెను. సికింద్రాబాదు స్టేషను నుండి ప్యారడైజు వైపు పోవు బస్సులో దానిని అడ్డముగా ఒడిలో సమతలముగ పట్టుకొని, మలుపులలో నీటి వాలును ఒకరు చదువగా మరియొకరు వ్రాసికొనవలెను. టాన్జెంటు పట్టికతో ఒక్కొక్క మలుపు త్వరణము తెలియును. మరుసటి దినము అదే డబ్బాలో రెండు ప్లాస్టిక్ అడ్డుపలకలు నిలిపి, ఒక్కొక్కదానికి ఒకేవైపు వంగు ఎక్సరే ఫిలిము ముక్కను తలుపుగా అతికించి, అదే బస్సు ఎక్కవలెను. నడిమి అరలోని నీటిని మాత్రమే చూడవలెను.