సొంతింటికి అద్దె ఎంత?

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ కట్టాక ఏ లెక్క చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఆ లెక్కే. ఇంట్లోకి నెలకి వచ్చేదెంత, అందులో ఆ ఇల్లే తినేసేదెంత, ఆ రెండింటినీ ఎలా పోల్చాలి? పెద్ద ఎకనామిక్స్ ఏమీ అక్కర్లేదు, శాతాలు తెలిస్తే చాలు.

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంటికి నెలకి ఎంత ఖర్చవుతుంది? కోనసీమలో ఎవర్ని అడిగినా ఎక్కువగా వచ్చే జవాబు, "మాది సొంతిల్లండీ, అద్దె లేదు" అని. అంటే ఖర్చు సున్నా అన్నమాట. ఇలా అనుకునేది మనమే కాదు, సర్కారు లెక్క కూడా చాలా ఏళ్లు ఇలాగే నడిచింది. ధరలు ఎంత పెరిగాయో చెప్పే సీపీఐ సూచీ గురించి వార్తల్లో వింటుంటాం కదా. 2012 బేస్‌తో నడిచిన సీపీఐలో పట్టణాలకి 'ఇల్లు' అనే పద్దుకి 21.67 శాతం వెయిటేజీ ఉండేది. పల్లెలకి అసలు ఆ పద్దే లేదు. పల్లెల్లో అద్దె ఇళ్లు తక్కువ కాబట్టి అలా చేశారు. అంతవరకు సరే. కానీ అమలాపురం దాటి అల్లవరం వెళ్తే సిమెంటు ఎవరూ ఊరికే ఇవ్వరు కదా!

సొంతింటి ఖర్చులు

అద్దె ఇంట్లో ఖర్చు నెలకోసారి ఒకటో తారీఖున కనిపిస్తుంది. సొంతింటి ఖర్చు అలా కనిపించదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది.

మొదటిది అప్పు వాయిదా. పది లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకి ఈఎమ్ఐ సుమారు 8,997 రూపాయలు. మొదటి నెల వాయిదాలో 7,500 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 1,497 మాత్రమే. మొత్తం 20 ఏళ్లలో కట్టేది దాదాపు 21 లక్షల 60 వేలు. అంటే ఒక ఇంటి కోసం రెండిళ్ల డబ్బు కడుతున్నాం.

రెండోది మెరక. మనది గోదావరి పాయల మధ్య ఉన్న పల్లపు నేల. స్థలం కొనగానే ఇల్లు కట్టేయలేం, ముందు ట్రాక్టర్లతో మట్టి తోలించాలి. 1986 ఆగస్టు వరదనీ, 2022 జూలై వరదనీ చూసిన లంక గ్రామాల వాళ్లకి ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. ఇటుక మొదలెట్టకముందే అయిపోయే ఖర్చు ఇది.

మూడోది రిపేరు. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు గాలికి శ్లాబు లోపలి ఇనప చువ్వలు తుప్పు పట్టి పెచ్చులూడిపోతాయి. అయిదేళ్లకోసారి 60 వేలు పెట్టాల్సి వచ్చిందనుకోండి, అది నెలకి వెయ్యి రూపాయలు. మనం దాన్ని నెలవారీగా చూడం కాబట్టి అది వచ్చినప్పుడు అమ్మ మెడలో గొలుసు బ్యాంకుకి వెళ్తుంది.

30 శాతం రూలు

ఇంటికి ఆదాయంలో 30 శాతం మించి పెట్టకూడదని యూట్యూబ్‌లో ఫైనాన్స్ వీడియోలు చేసే ప్రతివాళ్లూ చెప్తారు. ఇది ఎక్కడినుంచి వచ్చింది? 1969లో అమెరికాలో ఎడ్వర్డ్ బ్రూక్ అనే సెనేటర్ పేరుతో ఒక చట్ట సవరణ వచ్చింది. ప్రభుత్వ ఇళ్లలో అద్దెకుండే పేదవాళ్ల దగ్గర వాళ్ల ఆదాయంలో 25 శాతానికి మించి అద్దె తీసుకోకూడదని దాని సారాంశం. 1981లో ఆ 25ని 30 చేశారు. అంటే అది సర్కారు ఇళ్ల అద్దె కోసం పెట్టిన అంకె. కొబ్బరి తోట ఉన్న రైతుకి దాన్ని ఉన్నదున్నట్టు వాడితే ఏమవుతుందో చూద్దాం.

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నలుగురు మనుషులు. పాలు, చిన్న కొట్టు మీద నెలకి 10 వేలు. తోటలో రెండు నెలలకోసారి దింపు. ఒక్కో దింపుకి 2,600 కాయలు, వెయ్యి కాయల ధర 10 వేలు. అంటే 26 వేలు వస్తాయి. దింపు కూలి, ఎరువు, రవాణా కలిపి 6 వేలు పోతే మిగిలేది 20 వేలు. సగటున నెలకి తోట మీద 10 వేలు, కొట్టు మీద 10 వేలు, మొత్తం 20 వేలు. ఇంటి వాయిదా 6 వేలు. సరిగ్గా 30 శాతం. రూలు ప్రకారం సేఫ్.

ఇప్పుడు దింపు లేని నెల తీసుకోండి. చేతిలోకి వచ్చేది 10 వేలే, వాయిదా మాత్రం అదే 6 వేలు. అంటే 60 శాతం.

ఇంకో మెట్టు. కాయ ధర సగానికి పడిపోయిందనుకుందాం. 26 వేలు వచ్చేచోట 13 వేలు వస్తాయి. కానీ దింపు కూలి సగం అవ్వదు, ఎరువు సగం అవ్వదు. 6 వేల ఖర్చు 6 వేలే. మిగిలేది 7 వేలు. ధర సగం తగ్గితే చేతికొచ్చేది మూడో వంతుకి పడిపోయింది! నెల సగటు 13,500 అయింది, ఇంటి వాటా 44 శాతం దాటింది. ఇంటి ఖర్చు ఒక్క రూపాయి పెరగలేదు, కింద ఉన్న అంకె మారింది అంతే.

మనం అల్గారిథమ్స్ క్లాసులో యావరేజ్ కేస్, వరస్ట్ కేస్ అని చదువుతాం కదా. ఇంటి అప్పుకి చూడాల్సింది వరస్ట్ కేస్. బ్యాంకు వాయిదా యావరేజ్ నెలలో కట్ అవ్వదు, ప్రతి నెలా కట్ అవుతుంది. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు వరి వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. పొలానికి హాలిడే ఇచ్చారు గాని అప్పులకి ఎవరూ హాలిడే ఇవ్వలేదు.

శాతం కాదు, మిగిలింది చూడాలి

పై కుటుంబానికి మామూలు రోజుల్లో వాయిదా పోగా మిగిలేది 14 వేలు. కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2023-24లో దేశంలో పల్లె మనిషి సగటు నెలసరి ఖర్చు 4,122 రూపాయలు, పట్టణంలో 6,996. పల్లె లెక్కే తీసుకున్నా నలుగురికి 16,488. అంటే 30 శాతం రూలులో పాసైన కుటుంబం సగటు పల్లె కుటుంబం లాగా బతకాలన్నా రెండున్నర వేలు తక్కువ పడుతోంది. అదే నెలకి లక్ష సంపాదించేవాళ్లు 40 వేలు వాయిదా కడితే రూలు ప్రకారం ఫెయిల్. కానీ వాళ్ల చేతిలో 60 వేలు మిగులుతాయి. ఆదాయం తక్కువున్న చోట శాతం మోసం చేస్తుంది. ముందు తిండి, చదువు, మందులు తీసేసి, మిగిలిన దాంట్లోంచి ఇంటికి ఎంత పెట్టగలమో చూడాలి. మన అమ్మమ్మలు పోపుల డబ్బాల్లో చేసింది ఇదే.

నూటికి రెండు

ఊళ్లో వడ్డీ శాతాల్లో మాట్లాడరు, "నూటికి రెండు" అంటారు. వినడానికి చిన్న అంకె. కానీ అది నెలకి, అంటే ఏడాదికి 24 శాతం. అదే భాషలో చెప్పాలంటే బ్యాంకు 9 శాతం అంటే నూటికి డెబ్బై అయిదు పైసలు. అయిదు లక్షలు నూటికి రెండు చొప్పున తెస్తే నెలకి వడ్డీయే 10 వేలు. బ్యాంకులో దానికి రెట్టింపు, పది లక్షలు తీసుకుంటే 8,997 కడుతూ అసలు కూడా తీరిపోతుంది. ఇక్కడ 10 వేలు ఎన్నేళ్లు కట్టినా అసలు అలాగే ఉంటుంది.

మరి బ్యాంకుకే వెళ్లొచ్చు కదా అంటారు. శాలరీ స్లిప్ లేనివాడు, స్థలం కాగితాలు తాతగారి పేరు మీదే ఉన్నవాడు వెళ్లలేడు. 2020 డిసెంబరు 25న మొదలైన 'పేదలందరికీ ఇళ్లు' పథకంలో పల్లెల్లో సెంటున్నర స్థలం, కట్టడానికి 1.80 లక్షలు ఇచ్చారు. మెరక తోలించి, పునాది లేపి, శ్లాబు వేసేసరికి అది చాలకపోతే మిగతాది చీటీ పాట నుంచో నూటికి రెండు నుంచో రావాలి. అందుకే ఒకే సైజు ఇల్లు ఇద్దరికి ఒకే ఖరీదు కాదు. పేదవాడి ఇంటికి అద్దె ఎక్కువ.

ఒక జీతం, రెండిళ్లు

ఇప్పుడు మన సంగతి. మనలో చాలామంది ప్లేస్‌మెంట్ వస్తే హైదరాబాదో బెంగుళూరో వెళ్లేవాళ్లమే. మా ఇంట్లో డాబా మీద ఒక పోర్షన్ వేసి అద్దెకిద్దామని నాన్నగారి ఆలోచన. పది లక్షల లోను. "అద్దె వస్తుంది, నీ ఉద్యోగం వస్తుంది, అదే తీరిపోతుందిరా" అంటారు. నాకు పందొమ్మిదేళ్లు. లోను తీరేసరికి ముప్పై తొమ్మిది.

లెక్క వేశాను. మా వీధిలో అలాంటి పోర్షన్ 5 వేలకి పోతోంది. ఏడాదికి 60 వేలు, అంటే పది లక్షల మీద 6 శాతం. కట్టే వడ్డీ 9 శాతం. నెలకి దాదాపు 4 వేలు చేతి నుంచి పడుతుంది. అద్దె ఏటా 5 శాతం పెరిగితే వాయిదాతో సమానం కావడానికి పన్నెండేళ్లు. ఉద్యోగం వచ్చి చేతికి 25 వేలు వచ్చాయనుకుంటే, అక్కడ షేరింగ్ రూముకి 6 వేలు, ఇక్కడ తగ్గే 4 వేలు కలిపి 10 వేలు, అంటే 40 శాతం. ఏదైనా కారణంతో పోర్షన్ ఖాళీగా ఉన్న నెల 15 వేలు, అంటే 60 శాతం. ఇది నాన్నగారికి కాగితం మీద రాసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "మీ అక్క పెళ్లికి అప్పు చేసినప్పుడు ఇవన్నీ వేసుకోలేదు రా" అన్నారు. ప్రస్తుతానికి పోర్షన్ రెండేళ్లు వాయిదా పడింది.

గల్ఫ్ డబ్బుతో కట్టిన డాబాల కథా ఇదే. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్, దుబాయ్ వెళ్లినవాళ్లు అక్కడ ఇంకొకళ్ల ఇంట్లో పడుకుని, ఇక్కడ తాళం వేసిన మేడకి రంగులు వేయిస్తుంటారు. తిరిగి వచ్చిన రోజు ఆదాయం ఆగిపోతుంది, మేడ ఖర్చు ఆగదు.

రెండూ ఒకేసారి పడితే

1996 నవంబరు 6 తుపాను గురించి మన ఇళ్లలో అందరూ చెప్తారు. పెంకులు, తాటాకులు ఎగిరిపోయాయి, కొబ్బరి చెట్లు కూలిపోయాయి. లెక్కల భాషలో చూస్తే ఒక్క రాత్రిలో ఇంటి ఖర్చు ఆకాశానికి లేచింది, ఆదాయం నేలమీద పడింది. ప్రాబబిలిటీలో వీటిని ఇండిపెండెంట్ ఈవెంట్స్ అనలేం. దేశవాళీ కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తోట పక్కనే ఇల్లున్న వాళ్లకి ఏ రూలులోనూ రాయని రిస్కు ఇది.

అందుకే ఇంట్లో ఎవరైనా ఇల్లు మాట ఎత్తితే ఈ నాలుగూ అడగండి. మనకి అతి తక్కువ వచ్చే నెల ఏది, అందులో వాయిదా పోతే ఎంత మిగులుతుంది? మెరక, రిపేర్లు నెలవారీగా కలిపామా? వడ్డీ ఏడాదికా, నెలకా? ఆరు నెలల వాయిదాకి సరిపడా డబ్బు పక్కన ఉందా? నాలుగింటికీ జవాబులుంటే నిశ్చింతగా ముగ్గు పోసి శంకుస్థాపన చేసుకోవచ్చు. లేకపోతే ఇల్లు కొంచెం చిన్నది చేసుకుంటే నష్టం లేదు. గది తర్వాతైనా వేసుకోవచ్చు గాని, వాయిదా మధ్యలో చిన్నది అవ్వదు.